గార్లాండ్ చేసిన సాయం

వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. గ్యారేజీలో తూటాలు తయారుచేసే యంత్రం పైనున్న తుపాకిమందు గొట్టం ఖాళీ! పొద్దున ఫోన్ మోగి ఇంట్లోకి వెళ్ళేటప్పుడు అందులో అడుగున కాస్త మందే ఉంది. వచ్చాక నింపుదామనుకుంది. ఇప్పుడు చూస్తే బల్ల మీద ఒక్క ఖాళీ తూటా తొడుగూ లేదు. అన్నింటికీ ఎవరో సీసపు గుండ్లు బిగించేశారు. డబ్బాతో సహా తూటాలు మాయం.

ఎవరో ఏమిటి, మరిది గార్లాండ్! "పిడి లాగడమేగా వదినా, ఇది కోతి కూడా చేస్తుంది" అని పొద్దున వెక్కిరించాడు. కోతి పనే చేసి పోయాడు. పైన మందు అయిపోయిందేమోనని తలెత్తి చూసిన పాపాన పోలేదు. పైగా మంచివీ, మందు లేనివీ ఒకే డబ్బాలో కలిపేశాడు. మందు లేకపోయినా తూటా అడుగునుండే నిప్పుబిళ్ళ గుండును తుపాకీ గొట్టం మధ్యదాకా తోసి వదిలేస్తుంది. దాని వెనక మంచి తూటా పేలితే తుపాకీ చేతిలోనే పగులుతుంది.

ఆ డబ్బా పట్టుకుని, గురి నేర్పుతానని ఆమె కూతురు డెల్లాను తుపాకులు కాల్చే మైదానానికి తీసుకుపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడే! చెవులకు మూతలు తగిలించుకుని ఉంటాడు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వెర్నా పికప్ తీసి కంకర రోడ్డు మీద పరుగెత్తించింది.

మోంటానా కొండల కింది ఆ మైదానంలో హారన్ మోగితే అందరూ తుపాకులు కింద పెట్టాల్సిందే. డెల్లా రివాల్వర్ ఎత్తి పట్టుకుని కనిపించగానే వెర్నా హారన్ నొక్కి చెయ్యి తియ్యలేదు. డెల్లా తుపాకీ దించింది.

"అమ్మా, ఇందాకటిది టుప్పుమంది. బాబాయేమో ఏం కాదు, ఇంకోటి కాల్చమంటున్నాడు."

"చప్పుడు తగ్గితే కొంపలేం మునిగాయి వదినా?" గార్లాండ్ నవ్వాడు.

వెర్నా తూటాలన్నీ బయటికి తీసి గొట్టంలోకి కర్రపుల్ల దోపింది. పుల్ల సగంలోనే ఆగిపోయింది. గార్లాండ్ నవ్వూ ఆగిపోయింది.

"సాయం చేద్దామనే వదినా..."

"నీ సాయం తగలెయ్య! నువ్వు మందు వేసుకోవడం ఏ రోజూ మరిచిపోవు గదరా! తూటాలో మందు పడిందో లేదో చూడ్డానికి మాత్రం కళ్ళు పోయాయా? అది నా కూతురురా, నీ చేతికి దొరికిన ఆటబొమ్మ కాదు!"

పికప్‌లోంచి తూటాలు విప్పే బోలుతల సుత్తి తెచ్చింది. డెల్లా మళ్ళీ మీట నొక్కితే పేలే వంతు ఏ తూటాదో, దాన్నే సుత్తిలో బిగించి రాతి మీద గట్టిగా కొట్టింది. గుండు ఊడింది. మిగిలింది గార్లాండ్ అరచేతిలో కుమ్మరించింది. బూడిదరంగు మందు కుప్పగా పడింది.

డెల్లా తన వేళ్ళు చూసుకుంది. "బాబాయ్, నన్ను కాల్చమన్నది దీన్నేనా?"

గార్లాండ్ చేతిలోని మందును కింద పారబోయబోయాడు.

"అడుగుతోందిగా," అంది వెర్నా, "చెప్పు దానికి."