వాన నీళ్ళకు మాత్రమే

నేను ఒక ఇనుప జాలీని. రోడ్డు వారగా వాన కాలువ నోటి మీద పడుకుని ఉంటానే, మీ స్కూటరు ఎక్కగానే ‘ఠంగ్’మంటానే, అదే నేను. పదకొండు కడ్డీలు, నలభై కిలోల బరువు. పగిలిన మోటారు పంపులు, అరిగిపోయిన బ్రేకు డ్రమ్ములు, ఎవరివో కుట్టుమిషన్ల కాళ్ళు, అన్నీ కలిపి కరిగించి ఇసుక అచ్చులో పోస్తే పుట్టాను. అచ్చు చేసినాయన అద్దంలో చూసినట్టు తిరగేసి అక్షరాలు చెక్కాడు కాబట్టి నా మీద తిన్నగా పడ్డాయి: ‘వాన నీళ్ళకు మాత్రమే’.

చల్లారిన వెంటనే ఉద్యోగంలో చేరతాననుకున్నాను. నన్ను కొన్న ఫైలు ఒక బీరువాలో, కాలువ తవ్వే ఫైలు ఇంకో బీరువాలో ఉండటంతో రెండేళ్ళు మున్సిపల్ స్టోరు గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి రెండు ఫైళ్ళూ కలిశాయి, లారీ వచ్చింది, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో నీలాల వీధిలో నన్ను బిగించారు.

ఆ వీధి కింద రెండు దారులున్నాయి. ఒకటి మురుగు గొట్టం, అది శుద్ధి కేంద్రానికి పోతుంది. రెండోది నా కాలువ. అది నేరుగా ఊరి వాగు గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతుంది, మధ్యలో వడకట్టేవాడు లేడు. అందుకే నా మీద ఆ అక్షరాలు. కానీ నా మీద నిలబడి చదివేవాళ్ళు తక్కువ, పోసేవాళ్ళు ఎక్కువ. బిరియానీ సెంటరు మాడు నూనె, పెయింటర్లు బ్రష్షులు కడిగిన నీళ్ళు, కార్లు కడిగిన నురగ, అన్నీ మింగాను. ఒకాయన నా మీదే కాళ్ళు పెట్టుకుని బకెట్టు బోర్లించి, “ఈ గవర్నమెంటోళ్ళు కాలవలు శుభ్రం చెయ్యరు” అని ఫోన్లో తిట్టుకున్నాడు.

అందరికన్నా రంగులమయంగా పోసింది ఎదురుకొట్టు సన్యాసమ్మ. వెలిసిపోయిన పట్టుచీరలకు మళ్ళీ రంగు వేస్తుంది. సోమవారం ఎరుపు, గురువారం నీలం, పదకొండేళ్ళు నా కడ్డీలకు ఆవిడే రంగులు మార్చింది. ఒకరోజు గెడ్డ సముద్రంలో కలిసేచోట నురగ ఊదాగా లేచింది. వలవాళ్ళు బకెట్టుతో ఆ నీళ్ళు పట్టుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు పట్నాయక్ గారు ఆ రంగు పట్టుకుని ఒక్కో మూతా ఎత్తి చూస్తూ కాలువకు ఎదురు నడిచి నా దగ్గర ఆగారు.

“ఇంకోసారి ఇందులో నీ రంగు కనపడితే కొట్టుకి సీలే, సన్యాసమ్మా” అన్నారు.

ఆవిడ మాట విన్నది. ఒక నీలం డ్రమ్ము తెచ్చి కింద చక్రాలు వేయించింది, వీధి చివర మురుగు చాంబరులో పోసుకోవడానికి అనుమతి తెచ్చుకుంది, రోజూ మధ్యాహ్నం దాన్ని నెట్టుకుంటూ పోయేది. నాలుగు నెలలు నాలో ఆవిడ చుక్క పడలేదు.

మళ్ళీ తనిఖీకి వస్తున్నామని కబురొచ్చిన రోజు, ఆవిడకన్నా పక్కనే టిఫిన్ల బండి పెట్టుకునే పైడమ్మ ఎక్కువ కంగారుపడింది. పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి, కొట్టు గుమ్మానికి మూడుసార్లు దిష్టి తిప్పింది. దిష్టి నీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాలి కదా, రోడ్డంతా జనం తొక్కుతున్నారు, ఎవరి కాలూ తగలని లోతు ఆ వీధిలో నాదే, అందుకని ఏళ్ళ తరబడి వీధి దిష్టంతా నా నోట్లోనే పోస్తున్నారు. పైడమ్మా పోసింది. పోసి తల ఎత్తేసరికి పట్నాయక్ గారి స్కూటరు ఆగింది.

ఆయన వంగి చూశారు. నా కడ్డీల నుంచి ఎర్రగా కారుతోంది.

“ఇదేంటి సన్యాసమ్మా? చెప్పానా లేదా?”

“నాది కాదు బాబూ. నాలుగు నెల్లయి నానిందులో సుక్క పొయ్యలేదు.”

“మరి నాదా?”

పైడమ్మ పళ్ళెం కొంగు చాటున దాచుకుని నిలబడింది. కాసేపటికి బయటపెట్టింది. “నానే పోసినాను బాబూ. మీరొస్తన్నారనే దిష్టి తీసినాను.”

“నాకా?”

“మీకు కాదు బాబూ, కొట్టుకి. మీ కళ్ళు పడతాయని.”

వీధి నవ్వింది, ఆయన నవ్వలేదు. నా కిందికి సీసా దించి ఆ నీళ్ళు పట్టారు. “మీరిద్దరూ ఒకే గ్లాసులో టీ తాగే మనుషులు, నీ మాట నేనెలా రాసుకోను? ల్యాబుకి పంపిస్తాను. రిపోర్టు రావడానికి నలభై రోజులు. అప్పటిదాకా సీలు.”

లోపల ముప్పై ఆరు చీరలున్నాయి. వాటి పెళ్ళిళ్ళన్నీ ఆ నెలలోనే ఉన్నాయి. సన్యాసమ్మ మొహం వెలిసిన చీరలా అయిపోయింది. తర్వాత సీసా వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, చెయ్యెత్తి అక్కడ వేలాడుతున్న నిమ్మకాయను దారంతో సహా తెంపింది.

“అప్పా, గుమ్మానికి కట్టిన కాయ కొయ్యకూడదే!” అని పైడమ్మ అరిచింది.

“కొట్టే మూసేత్తే గుమ్మమెందుకే నాకు?” కత్తి పెట్టి కోసేసింది. “ల్యాబెందుకు బాబూ? పట్టుకి రంగు పట్టాలంటే నాను కలిపేదే పులుపు. నా రంగైతే పులుపుకి పోదు. పసుపూ సున్నమూ అయితే పోతాది. మీరే పిండండి.”

పట్నాయక్ గారు పిండారు. సీసాలో ఎరుపు నారింజ అయింది, నారింజ పసుపయింది. ఆయన ఎండకు ఎత్తి చూశారు. నమ్మలేక, డ్రమ్ములోంచి ఆవిడ ఎర్రరంగు ఇంకో సీసాలో పట్టి అందులోనూ పిండారు. అది ఎర్రగానే ఉండిపోయింది.

సీలు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “అయినా దిష్టి నీళ్ళు కూడా వాన నీళ్ళు కావుగా. ఇందులో పోయకూడదు” అన్నారు.

“మరెక్కడ పొయ్యాల బాబూ? రోడ్డు మీద తొక్కేత్తారు” అంది పైడమ్మ.

ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. రంగులున్నాయి, నూనెలున్నాయి, కోళ్ళు కడిగిన నీళ్ళున్నాయి. ఏసీ పెట్టెల చుక్కలు పోయొచ్చని కూడా ఉంది. దిష్టి లేదు.

“నా డ్రమ్ములో పొయ్యండే” అంది సన్యాసమ్మ. “ఎలాగూ తోసుకెల్తాను కదా.”

అలా మా వీధి దిష్టి శుద్ధి కేంద్రానికి వెళ్ళడం మొదలైంది. దిష్టి తీసిన పళ్ళెం పట్టుకుని అందరూ నన్ను దాటి డ్రమ్ము దాకా నడిచేవారు.

నెల తిరక్కముందే పట్నాయక్ గారు మళ్ళీ వచ్చారు. తనిఖీకి కాదు, చేతిలో మూత పెట్టిన స్టీలు గ్లాసు ఉంది. మనవరాలు పుట్టిందట, ఇంటావిడ దిష్టి తీసి పంపిందట. నేను ఆయనకు రెండు అడుగుల దూరంలో ఉన్నాను, డ్రమ్ము ఇరవై అడుగుల దూరంలో ఉంది. అటూ ఇటూ చూశారు, వీధిలో ఎవరూ లేరు. నా మీద కాలు పెట్టి, కాసేపు నా అక్షరాలు చదువుకుని, ఆ ఇరవై అడుగులూ నడిచారు. సన్యాసమ్మ కొట్టులోంచి వచ్చి డ్రమ్ము మూత తీసి పట్టుకుంది.

ఆ రోజు నాలోకి ఏమీ దిగలేదు. వాన లేని రోజున ఖాళీగా ఉండటమే నా ఉద్యోగమని తెలుసుకోవడానికి నాకు పదమూడేళ్ళు పట్టింది.