ఎత్తిన చెయ్యి

పొద్దుటినుంచి మూడువందల దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోకి వెళ్ళాక ఆమె చెయ్యెత్తింది. అవతలి కొస పట్టుకున్న, అక్కడ అందరూ పెద్దక్క అని పిలిచే పెద్దావిడ వెంటనే ఎర్ర బటన్ నొక్కి యంత్రం ఆపింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆడవాళ్ళు పోట్లాడి సాధించుకున్న నియమం అదొక్కటే. ఎవరు చెయ్యెత్తినా అందరూ ఆగాలి, ఎందుకని అడగకూడదు. ఒకామె వేళ్ళు రోలర్ల మధ్య కాలిపోతేగానీ యజమానికి ఆ మాత్రం బుద్ధి పుట్టలేదు.

ఈసారి ఎవరి వేళ్ళూ నలగలేదు. నిలబడలేక చెయ్యెత్తింది, అంతే. సూపర్‌వైజరు వచ్చి కస్సుమన్నాడు. ఊరికే ఆపుకుంటూ కూర్చుంటే పని ఎప్పటికి తెములుతుందన్నాడు. ఆగమంటే ఆగడమే, కారణాలు తర్వాత అంది పెద్దక్క, అతని మొహం కూడా చూడకుండా. గొణుక్కుంటూ పోయాడు.

పెద్దక్క ఆమెను దుప్పట్ల మూటమీద కూర్చోబెట్టింది. మోచేతి పైన కమిలిన వేలిముద్రలు చూసి, మీ ఆయన కొట్టాడా అని అడిగింది.

"కొట్టలేదక్కా. వద్దంటే వినలేదు. ఎప్పుడూ వినడు."

ఆ మాట బయటికొచ్చాక ఆమెకే భయం వేసింది. ఆరేళ్ళ కిందట ఒక్కసారి తల్లికి చెప్పుకుంటే, మొగుడే కదా, పరాయివాడా అని నోరు మూయించింది. అప్పటినుంచీ లోపం తనలోనే ఉందనుకుని పళ్ళబిగువున భరిస్తోంది.

"మొగుడైతే చెవుల్లేవా వాడికి? చెవుల్లేని ఈ మిషనే ఆగింది కదే" అంది పెద్దక్క.

ఆమె రోలర్ల వంక చూసింది. సెగలు కక్కే ఇనుము తను చెయ్యెత్తితే ఆగింది. ఇంట్లో మనిషి ఒక్కరోజూ ఆగలేదు. పరాయివాడు చేస్తే దేన్ని అఘాయిత్యమంటారో, ఇదీ అదే. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇక ఆ ఇంటికి పోనంది. నా గదిలో ఉండమంది పెద్దక్క.

సాయంత్రం షిఫ్టు దిగేసరికి భర్త గేటు దగ్గర స్కూటరు మీద ఉన్నాడు. ఇంజను కూడా ఆపలేదు. ఎక్కమన్నాడు.

"రాను. పెద్దక్క దగ్గరికి పోతున్నా."

"వేషాలు చాలుగానీ, ఎక్కు" అంటూ మణికట్టు అందుకోబోయాడు.

ఆమె వెనక్కి జరిగింది. చెయ్యెత్తింది.

గేటులోంచి కబుర్లాడుకుంటూ వస్తున్న ఆడవాళ్ళు ఆ చెయ్యి చూశారు. అలవాటుకొద్దీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అతను వాళ్ళందరినీ చూశాడు. ఆమె చెయ్యి దించలేదు.

స్కూటరొక్కటే ఇంకా డుగడుగమంటోంది.