కల్పలత పేరు మీద

చీర అంచుకు పికో కొడుతూ కాంతమణి మిషను ఆపి ఫోను తీసింది. ఇవాళ చూడకూడదని పొద్దున్నే అనుకుంది. అయినా చూసింది. నెల ఖర్చంతా తెరమీద గుండ్రంగా, ముక్కలు కోసిన దిబ్బరొట్టెలా కనబడింది. బియ్యానిదొక ముక్క, కరెంటుదొక ముక్క, చర్చి కానుకది సన్నటి ముక్క. వాటి పక్కన ఎర్రగా 'అనుకోని ఖర్చు'. దాన్ని నొక్కితే వరసగా ఒకటే పేరు. కల్పలత. కల్పలత. మళ్ళీ కల్పలత. అన్నీ సాయంత్రాలే. అన్నీ భర్త జీవరాజు ఫోన్లోంచి వెళ్ళినవే.

ఎవతె ఇది?

ఈ లెక్కల యాప్ పెట్టింది కూతురు క్యారల్. "నీ ఫోనూ నాన్న ఫోనూ కలిపానమ్మా. ఎవరేం కొన్నా ఇద్దరికీ తెలుస్తుంది" అని చెప్పి బెంగుళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. తెర పైన, దాచిన డబ్బును బట్టి పెరిగే ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. దాని పేరు 'కాంతమణి మిషను'. రెజిమెంటల్ బజారులోని ఈ మ్యాచింగ్ సెంటర్లో నడుం పడిపోయేదాకా పరాయి మిషను మీద కుట్టిన మనిషికి సొంత పికో మిషను కొనాలని ఆ గీత. పేరు పెట్టింది జీవరాజే. "బస్సు దిగి ఇంటికి నడిచే వస్తాను. ఇక ఆటో ఎక్కితే అడుగు" అని చెప్పింది కూడా అతనే. మల్కాజ్‌గిరిలో వాళ్ళ ఇల్లు ఎత్తు మీద ఉంటుంది.

జీవరాజు బడిలో అటెండరు. ఇస్త్రీ చొక్కా, జేబులో గళ్ళ రుమాలు. గంట కొట్టడం, చాక్‌పీసులు పంచడం, పిల్లలు పారేసుకున్న నీళ్ళసీసాలు బీరువా మీద పెట్టడం. ఎవరితోనూ పేచీ పడి ఎరగడు. అలాంటి మనిషికి పరాయి ఆడదానితో పనేమిటని సర్దిచెప్పుకుందామంటే, ఆనవాళ్ళు కళ్ళముందే ఉన్నాయాయె! కంచంలో సగం అన్నం వదిలేస్తున్నాడు. అంటే ఎక్కడో తినే వస్తున్నాడు. రాత్రి పడుకోకుండా దిండు గోడకు ఆనించుకుని కూర్చుంటున్నాడు. ఎవరి ధ్యాసో మరి. బూట్లు మానేసి కొత్త చెప్పులు కొన్నాడు, ఈ వయసులో షోకు! చర్చి క్వయర్లో గోడలు అదిరేలా పాడేవాడు కాస్తా చరణం మధ్యలో ఆగి పాటలపుస్తకంలోకి చూస్తూ నిలబడుతున్నాడు. మనసులో తప్పున్నవాడికి దేవుడి ముందు గొంతు లేస్తుందా?

నిన్నయితే టిఫిన్ డబ్బా లేకుండా వచ్చాడు.

"డబ్బా ఏదండీ?"

"మర్చిపోయానే."

"ఎక్కడ?"

జీవరాజు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "రేపు తెస్తాలే" అన్నాడు.

అది మామూలు డబ్బానా? పెళ్ళయిన కొత్తలో మొదటి జీతంతో కొన్నాడు. కొట్టువాడు పేరు చెక్కుతానంటే తన పేరు కాకుండా ఆమె పేరు చెప్పాడు. "తినేది నీ చేతి వంటేగా" అన్నాడు. ఇప్పుడది ఆ కల్పలత వంటింట్లో బోర్లించి ఉంటుంది.

అందుకే పొద్దున అతను తల దువ్వుకుంటుండగా అతని ఫోను తీసి, ఖాతాలో ఉన్నదంతా తన ఖాతాకు పంపేసుకుంది. బస్సు పాసు ఎలాగూ ఉంది. జేబు ఖాళీ అయ్యాక ఆ మహాతల్లి మొహం చూస్తుందేమో చూద్దాం!

"ఇదేంటి, బుచ్చమ్మ అని వస్తోంది? కొట్టమంటారా?" కౌంటరు ముందు ఒకావిడ ఫోను పట్టుకుని అడిగింది.

"మా ఓనరు వాళ్ళమ్మ పేరండి. కొట్టెయ్యండి, ఏం కాదు" అంది కాంతమణి తలెత్తకుండా. అడిగిన వాళ్ళందరికీ రోజూ చెప్పే మాటే అది.

నాలుగింటికి ఆమె లేచి నిలబడింది. "అన్నా, ఇవాళ తొందరగా వెళ్తాను."

"పెండ్లిళ్ల సీజన్ల గిట్ల చేస్తే ఎట్లక్కా?" అన్నాడు ఓనరు వేణుమాధవ్. ఆమె మొహం చూసి తగ్గాడు. "మస్తు పరేషాన్ల ఉన్నట్టున్నవ్. పో."

ఇల్లు చేరి గేటు దగ్గర కాపు కాసింది. ఏ వైపు నుంచి వస్తాడో, ఎవరు దింపుతారో చూడాలి. అతను వచ్చే వేళ దాటింది. చూశావా, డబ్బులు లేకపోయినా వెళ్ళాడు అనుకుని పళ్ళు కొరుక్కుంది. అంతలో పై రోడ్డు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. ఖాకీ చొక్కా మనిషి దిగాడు. చేతిలో డబ్బా.

"జీవరాజు సార్ ఇల్లు గిదేనా అమ్మా? నిన్న నా బండ్ల మర్శిపోయిండు. మా ఇంటామె తోమి పెట్టింది, ఇప్పుడే ఇంటికి పొయ్యి తెచ్చిన."

"నీ బండిలోనా? ఆయన ఆటో ఎక్కరే!"

ఆటో మనిషి నాలిక్కరుచుకున్నాడు. "రోజు ఎక్కుతడమ్మా. బస్టాపు కాడికెల్లి కిరాణ కొట్టు మలుపు దాంక నేనే తెస్త. ఇంటి ముంగట దిగుర్రి సార్ అంటే ఇనడు. ఇంట్ల ఎర్కైతదంట. నాలుగడుగులు ఏస్తే దమ్మొస్తుండె, పాపం."

కాంతమణి గేటు పట్టుకుంది. "కల్పలత..."

"నా పెండ్లాం. స్కానర్ ఆమె పేరు మీదనే ఉంది. సార్ లేడా ఇంట్ల? ఇయ్యాల పైసలు పోలే, ఖాతా ఖాళీ అని వచ్చింది. రేపియ్యిర్రి అంటే, 'వద్దు జంగయ్యా, నడుస్తాలే' అన్నడు. శానసేపాయె."

"పద" అంది ఆమె. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఎత్తు సగంలో, మూసిన మటన్ కొట్టు మెట్టు మీద జీవరాజు షట్టరుకు ఆనుకుని కూర్చున్నాడు. మోకాలి మీద రుమాలు. కాస్త అలుపు తీర్చుకుంటున్నట్టే ఉన్నాడు. కొత్త చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. పాదాలు ఉబ్బి, వేళ్ళ మధ్య సందు లేకుండా ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉండి ఆ పాదాలు తను చూడనేలేదు.

"ఏవండీ." చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. జంగయ్య సాయం పట్టి ఆటోలోకి ఎక్కించాడు. ఆస్పత్రిలో డాక్టరు ఏం చెబుతాడో ఆమెకు ఆ మెట్టు దగ్గరే తెలిసిపోయింది.

"నేనే నడిపించాను జంగయ్యా. ఆయన్ని నేనే నడిపించి చంపుకున్నాను" అని ఆటోలో భర్త తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. జంగయ్యకు అర్థం కాలేదు. అద్దంలోంచి చూస్తూ హారను కొడుతూనే ఉన్నాడు.

ఆమె చేతిలో ఫోను మోగింది. ఈ రోజు అనుకోని ఖర్చు ఏమీ లేదని, భేష్ అని యాప్ మెచ్చుకుంది.

సీటు మూలన, కల్పలత మెరిసేలా తోమి పంపిన డబ్బా ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, కాంతమణి.