నీళ్ళు నిలవని నేల

కుడి మోకాలు అయింది, ఎడమది మిగిలింది. మట్టం మేస్త్రీ స్నానాలగదిలో పీట మీద కూర్చుని గరుకురాయితో మోకాలి చిప్పను రుద్దుకుంటున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు జనం ఇళ్ళలో టైళ్ళు పరుస్తూ నేలకు ఆనించిన మోకాళ్ళు. చర్మం చెప్పు అట్టలా బిగుసుకుపోయింది. దాని గీతల్లో సిమెంటు దిగబడి ఉంది. ఎంత రుద్దినా నీళ్ళు మురికవుతున్నాయి గాని ఆ బూడిదరంగు వదలడం లేదు.

"డాక్టరు చూసేది ఎముక నాన్నా, తోలు కాదు." తలుపవతల నుంచి కూతురు అంది.

"ముందు కనబడేది తోలే గదమ్మా."

పని అయ్యాక టైలు మీద చిన్న మరక కూడా ఉంచకుండా తుడిచి వెళ్ళే మనిషి. మరకల మోకాళ్ళను తీసుకెళ్ళి ఇంకొకరి బల్ల మీద పెట్టడం అతనికి నచ్చలేదు.

సాయంత్రం నాలుగింటికి ఎముకల క్లినిక్కుకు వెళ్ళాలి. పోయిన ఏడాది అక్కడి డాక్టరు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మార్చాల్సిందేనన్నాడు. మార్చాక నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. నేల మీద మోకాళ్ళూని పనిచెయ్యడం మాత్రం ఇక ఉండదన్నాడు. ఆ మాట వినగానే మేస్త్రీ లేచి వచ్చేశాడు. ఏడాది పాటు ఆ వీధిలోకే పోలేదు. ఇవాళ వెళ్తున్నది ఆపరేషనుకు తేదీ రాయించుకోవడానికి.

మోకాళ్ళ పైకి మడవడానికి వీలైన వదులు లాగు దొరికింది. పాత చీటీ దొరికింది. బీరువా మీద పెద్ద కవరు కూడా దొరికింది. కూతురు అందులోంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. పైన తొడ ఎముక ఉంది. కింద కాలి ఎముక ఉంది. మధ్యలో అరచెయ్యంత మేర ఏమీ లేదు. ఆ కంతలోంచి ఎదురింటి గోడ కనబడుతోంది.

"మోకాలేది నాన్నా?"

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "సంచిలో ఉంది."

"ఏ సంచిలో?"

"పనిసంచిలో. టైళ్ళ సందులు పూయడానికి దానంత వాటమైన ముక్క ఇంకోటి లేదు. చెప్పినట్టు వంగుతుంది. కొన్న రేకులన్నీ టైలును గీరేస్తాయి."

"కొయ్యాలనుకుంటే ఏ అంచునో కొయ్యొచ్చు గదా."

"అంచున నా పేరూ అంకెలూ ఉన్నాయి. అవి పాడవకూడదనే నడిమికి కోశా."

కూతురు ఖాళీ కవరుతో అతని భుజం మీద ఒక్కటి వేసింది. "అయితే ఏడాదిగా నీ మోకాలితో అందరి స్నానాలగదులూ పాముతున్నావన్నమాట."

"అసలుదీ అక్కడే అరిగింది. బొమ్మ కూడా అక్కడే అరుగుతోంది. తప్పేముంది?"

సంచి పని జరుగుతున్న ఇంట్లో ఉంది. మూడున్నరకు ఆటో తీసుకుని నేరుగా అక్కడికే వస్తానంది కూతురు. "ముక్క తీసుకుని కూర్చో. కుర్చీలో కూర్చో, నేల మీద కాదు."

ఆ ఇల్లు నాలుగు వీధుల అవతల, మేడ మీద. పది నిమిషాల దారి అతనికి అరగంట పట్టింది. అడుగు వేసినప్పుడల్లా మోకాలి లోపల ఇసుక నలుగుతున్నట్టుంది.

ఆ ఇంటి పెద్దావిడ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎల్లుండి ఆసుపత్రి నుంచి వస్తుంది. ఆలోగా నేల మార్పించాలని కోడలి పట్టు. తలుపు మూలన నాలుగు టైళ్ళు తప్ప మేస్త్రీ నిన్నటికే అంతా పరిచేశాడు.

అతని భార్యా అలాగే పడింది. వేరే ఎవరింట్లోనో కాదు, సొంత ఇంట్లో. మిగిలిపోయిన టైళ్ళతో, మట్టం పెట్టకుండా, కంటి అంచనాతో అతను ఒక ఆదివారం వేసిన నేల అది. ఒక మూల గుక్కెడు నీళ్ళు నిలిచేవి. రేపు సరిచేస్తానని పదకొండు నెలలు చెప్పాడు. ఆమె మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. ఆమె పోయిన వారానికి ఆ నేల పగలగొట్టి కొత్తగా వేశాడు. ఆ పని చూసి మెచ్చుకోవడానికి వచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేశాడు.

అప్పటినుంచి మట్టం లేకుండా ఒక్క టైలు వెయ్యలేదు. ఏ నేలైనా పూర్తయ్యాక తూముకు దూరంగా ఉన్న మూలన గ్లాసెడు నీళ్ళు పోసి నిలబడి చూస్తాడు. చుక్క నిలిచినా టైలు లేచిపోవాల్సిందే. తోటి మేస్త్రీల పనినీ అలాగే లేపించాడు. ఇద్దరు అతనితో మాటలు మానేశారు. అతనూ పలకరించలేదు. మట్టం మేస్త్రీ అని ఎగతాళికి పేరు పెట్టింది వాళ్ళే. అతను దాన్ని బిరుదులా మోశాడు.

గదిలో పారక్క మాలు కలుపుతోంది. పద్దెనిమిదేళ్ళుగా అతనికి సిమెంటూ ఇసకా కలిపి అందిస్తున్న మనిషి. చేతిలో పార లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు, అందుకే ఆ పేరు.

"ఇవాళ రానన్నావు. పెళ్ళికొడుకులా తయారై వచ్చావేంటి మేస్త్రీ?"

"నా మోకాలు ఇక్కడ మర్చిపోయా."

"భద్రంగానే ఉందిలే. కడిగి కిటికీలో ఆరబెట్టా."

మేస్త్రీ తలుపు మూల వైపు చూశాడు. నాలుగే టైళ్ళు. గంట పని. కానీ గదిలో అన్నిటికన్నా గడుసు మూల అది. అక్కడ వాలు తేడా వస్తే నీళ్ళు గుమ్మం దగ్గరే ఆగుతాయి, సరిగ్గా పెద్దావిడ అడుగు పెట్టే చోట.

గోనెపట్టా మడిచి వేసుకున్నాడు. తలుపు చట్రం పట్టుకుని వంగాడు. మోకాలు సగంలో బిగుసుకుంది. మళ్ళీ వంగాడు. మూడోసారి దిగాడు గాని తాపీ అందుకునేలోపే కళ్ళు బైర్లు కమ్మాయి. పారక్క చంకల కింద చేతులు వేసి అతణ్ణి లేపి, బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టింది.

"సిమెంటు బస్తా నయం. ఇంత మూలగదు."

కోడలు వచ్చి చూసింది. "పోనీ, రేపు ఇంకో మేస్త్రీని పిలుచుకోమంటారా అంకుల్?"

పిలిస్తే వచ్చేదెవడో మేస్త్రీకి తెలుసు. వాడు వేసిన నేలల్లో పిచ్చుకలు స్నానం చేస్తాయి.

"అక్కర్లేదమ్మా. అయిపోతుంది," అన్నాడు. ఎలా అవుతుందో అతనికి తెలియదు. కోడలు వెళ్ళిపోయింది.

"నేను వేస్తా." పారక్క తల ఎత్తకుండా అంది.

"పార తిప్పడం కాదిది."

"తెలుసు."

"ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే. నేర్పుతున్నట్టు నీకు తెలీదంతే." చేతులు కడుక్కుంది. "మా ఇంట్లో స్నానాలగది నేల వేసుకున్నా, మూడేళ్ళయింది. ఒక ఆదివారం నీ మట్టం పట్టుకెళ్ళా. అడగలేదు."

మూడేళ్ళ కిందట ఒక సోమవారం సంచిలో మట్టం తిరగబడి ఉండటం మేస్త్రీకి గుర్తుంది. తన సంచిలో చెయ్యి పెట్టాడని ఆ రోజు రంగులవాణ్ణి దొంగ అని నోటికొచ్చినట్టు తిట్టాడు.

"నీ గదిలో నీళ్ళు నిలుస్తున్నాయా?"

"వచ్చి పోసి చూసుకో."

అతని తాపీని ఇంతవరకు మరొకరు పట్టలేదు. దాని పిడిని చొక్కా అంచుతో తుడిచి ఆమెకిచ్చాడు.

పారక్క గోనెపట్టా మీద మోకాళ్ళూనింది. మాలు పరిచింది, తాపీ మొనతో గాట్లు పెట్టింది, టైలు ఆనించి చెక్కసుత్తితో నాలుగు మూలలా తట్టింది. అతను చేసినట్టే చెవి వంచి చప్పుడు వింది. లోపల డొల్ల ఉంటే చప్పుడు మారుతుంది.

"రెండోది ఎత్తుగా ఉంది," అన్నాడు మేస్త్రీ.

"లేదు."

"మట్టం పెట్టు."

పెట్టింది. గాజుగొట్టంలో బుడగ గుమ్మం వైపు జరిగి, ఏ వాలుకు ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే ఆగింది. మేస్త్రీ దాన్ని చాలాసేపు చూశాడు. మిగతా రెండు టైళ్ళకూ వంక పెట్టలేదు. ఇరవై మందికి పని నేర్పి ఇరవై మందినీ తరిమేసినవాడు. ఆ పూట బకెట్టు మీద వెన్ను నిటారుగా పెట్టి, తన నేల తానే చూసుకుంటున్నంత గర్వంగా కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆమె నిన్నటి టైళ్ళ సందులకు తెల్ల సిమెంటు పూసింది. ఫిల్ము ముక్క ఆమె వేళ్ళ మధ్య చెప్పినట్టు వంగింది. పని అయ్యాక దాన్ని కడిగి అతనికి ఇవ్వబోయింది.

కింద ఆటో ఆగింది. కూతురు మెట్లెక్కి వచ్చింది. "ముక్క తీసుకున్నావా నాన్నా?"

"దానికి ఇక్కడ పనుంది. ఈ నాలుగింటి సందులు రేపు పూయాలి."

"మరి డాక్టరుకు ఏం చూపిస్తావు?"

"కావాలంటే కొత్తది తీసుకుంటాడు. మోకాళ్ళు నా దగ్గరే ఉన్నాయిగా."

సంచి తీసుకోవడానికి కూతురు వంగింది. మేస్త్రీ వద్దని చేత్తో ఆపాడు. మట్టం, తాపీ, చెక్కసుత్తి, అన్నీ ఉన్న సంచిని పారక్క వైపు జరిపాడు. ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది.

"రేపు సందులు ఆరాక ఆ మూలన నీళ్ళు పొయ్యి," అన్నాడు.

"నిలిస్తే?"

"పగలగొట్టు."

"నిలవకపోతే నీకు కబురు చెయ్యనా?"

"అక్కర్లేదు. నిలవవు."

కూతురి భుజం పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాడు. వెనక్కి తిరగలేదు. ఆటో కదిలిన చప్పుడు విని పారక్క ఫిల్ము ముక్కను కిటికీ చువ్వకు ఆనించింది. అంచుల్లో కడిగిన తడి ఆరుతుంటే, దాని నడుమ అతని మోకాలి చిప్ప మీదుగా సాయంత్రపు వెలుతురు గదిలోకి పడుతోంది.