పచ్చ తివాచీ మీది పొట్టేలు

పులివెందుల కాలేజీ మైదానంలో పల్లె సంబరం జరుగుతోంది. ట్రాక్టర్లు, డ్రిప్పు పైపులు, అరటి పిలకలు, జిలేబీ బండ్లు వరసగా కొలువుదీరాయి. అన్నిటికంటే పెద్ద స్టాలు పచ్చమేత అనే మాంసం కంపెనీది. నేల మీద అచ్చం గడ్డిలాగే ఉన్న పచ్చ తివాచీ పరిచి, వెనక నిలువెత్తు బోర్డు నిలబెట్టారు. దాని మీద ‘ప్రేమగా పెరిగింది, బాధ తెలియకుండా పోయింది’ అని రాసి, పక్కనే ప్రొద్దుటూరు ఫకీర్ సాహెబ్ ఫోటో వేశారు. ఆ తెల్లగడ్డం చూస్తే ఎవరైనా నమ్ముతారని కంపెనీవాళ్లు బాగానే కనిపెట్టారు.

నమ్మదగిన మనిషే. నలభై ఏళ్లుగా ప్రొద్దుటూరులో మటన్ అంగడి నడుపుతున్నాడు. జీవానికి కత్తి కనపడనివ్వకూడదని, దప్పికతో ఉన్నదాన్ని అసలు ముట్టుకోకూడదని పని నేర్పిన నాడే తండ్రి చెప్పాడు. పండగపూట గిరాకీ వీధి చివరిదాకా నిలబడి తొందరపెట్టినా ఫకీర్ సాహెబ్ ముందు నీళ్ల గిన్నె పెట్టేవాడు. అది తాగి మూతి ఎత్తేదాకా కత్తి ఆయన వీపు వెనకే ఉండేది. ఎట్లాగూ చచ్చేదానికి ఈ మర్యాదలెందుకని నవ్వినవాళ్లు లేకపోలేదు. ఆయన వాళ్ల మాట చెవిన పెట్టలేదు.

కానీ మంచితనం చూసి అంగడి గది ఎవరు ఉంచుతారు? ఆ వరసంతా పడగొట్టి కాంప్లెక్సు కడతానని సొంతదారు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. అరవై రెండేళ్ల వయసులో ఎవరి ముందు నిలబడి పని అడగాలో ఫకీర్ సాహెబ్‌కు తోచలేదు. సరిగ్గా అప్పుడే పచ్చమేత మేనేజరు లహరి వెతుక్కుంటూ వచ్చింది. విజయవాడ అమ్మాయి, ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. జమ్మలమడుగు దగ్గర తాము పెట్టబోయే యూనిట్‌లో ఆయనే పెద్ద మాస్టరని, ఆయన పద్ధతి అందరికీ నేర్పాలని చెప్పింది. ఉద్యోగం కాగితం సంబరంలో ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇప్పిస్తానంది. ఆ మాట విన్న రోజు ఆయన భార్య అఖ్తర్ బీ ఇంట్లో పాయసం వండింది.

సంబరం మొదలైన పొద్దున్నే ఆయన చేత మైకులో మాట్లాడించి, వీడియో తీశారు.

“నలభై ఏండ్లాయ కత్తి పట్టి. దప్పికతో ఉండే జీవాన్ని ఒక్కదాన్ని కూడా కోసినోన్ని కాదప్పా. నీళ్లు తాపి, అది నిమ్మళమైనాకనే కోస్తా.”

ఆ ముక్కనే స్పీకర్లలో మళ్లీమళ్లీ వేశారు. వచ్చేపోయే జనం ఆగి విన్నారు. తన గొంతు మైదానమంతా వినబడుతుంటే ఆయనకు సిగ్గేసింది. లోలోపల గర్వంగానూ ఉంది, దాచుకోవడమెందుకు.

తివాచీ నడుమ గుంజకు ఒక పొట్టేలును కట్టారు. కొమ్ములకు రంగేసి, మెడకు రిబ్బన్ల దండ వేశారు. జమ్మలమడుగు వైపు బీళ్లలో జీవాలు మేపే ఆనందయ్య దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి రెండేళ్లు మేపి తెచ్చాడు. పదకొండుకల్లా షామియానా నీడ పక్కకు జరిగి, ఎండ తిన్నగా దాని మీద పడింది. పొట్టేలు నాలుక బయటపెట్టి రొప్పసాగింది. ఆనందయ్య నీళ్లు తేబోతే స్టాలువాళ్లు పడనివ్వలేదు. నీళ్లు తాగితే ఉచ్చ పోస్తుందట, తివాచీ అద్దెదట, పెద్దమనుషులు వచ్చేవేళకు వాసన కొడుతుందట. ప్రేమగా పెరిగిన జీవం ఉచ్చ పోయకూడదని బోర్డు మీద రాయలేదు గానీ, అక్కడ నడిచిన నియమం అదే.

ఆనందయ్య వచ్చి ఫకీర్ సాహెబ్ పక్కన నిలబడ్డాడు.

“ఏంది మామా ఇది? పొద్దున్నుంచి దానికి చుక్క నీళ్లు ల్యావు. నువ్వు చెప్తే ఆయమ్మ వింటాది.”

చెప్పాడు. చెప్పలేదనడానికి వీల్లేదు. సాయంత్రం కోసేముందు తాపుదాం లెండి సాయిబుగారూ అని లహరి నవ్వుతూ అనేసరికి, తల ఊపి వచ్చేశాడు. రెండోసారి అడగవచ్చు. తానే బక్కెట్టు తెచ్చి పెట్టవచ్చు, బోర్డు మీద ఫోటో ఉన్న మనిషి చెయ్యి ఎవరు పట్టుకుంటారు? కానీ ఆమె సంచిలో ఉద్యోగం కాగితం ఉంది, దాని కవరు మూల బయటికి కనబడుతోంది. కోసేది సాయంత్రం కదా, అప్పుడు తన చేత్తోనే తాపుతానని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. మధ్యాహ్నం వాళ్లు పెట్టిన బిర్యానీ తిని, చల్లటి నీళ్ల సీసా ఒకటి అడుగంటా తాగాడు.

మూడింటికి కబురొచ్చింది. ముఖ్య అతిథి ముందే వస్తున్నాడు, ఎక్కువసేపు ఉండడు. తివాచీ మీద కట్టిన పొట్టేలు మాంసమే పెట్టెలో పెట్టి ఆయనకు కానుకివ్వాలని కంపెనీవాళ్లు ముందే అనుకున్నారు. పొట్టేలును హడావిడిగా విప్పి స్టాలు వెనక పరదా చాటుకు లాక్కొచ్చారు.

ఫకీర్ సాహెబ్ నీళ్లడిగాడు. అక్కడ లేవు. ఆనందయ్య బక్కెట్టు తీసుకుని మైదానం ఆ చివరనున్న కొళాయి దగ్గరికి పరిగెత్తాడు.

ఫకీర్ సాహెబ్ పొట్టేలు గదవ కింద చెయ్యి పెట్టాడు. ఒళ్లు కాలిపోతోంది. అది ఆయన అరచేతిని నాకింది. నాలుక గరుకుగా, పొడిగా తగిలింది. పరదా అవతల స్పీకరులో ఆయన గొంతు నలభై ఏండ్లాయ అంటోంది. గేటు వైపు సైరన్ మోగింది.

“వచ్చేశారు సాయిబుగారూ,” అంది లహరి. “ఈ ఒక్కసారికి కానివ్వండి. మీ కాగితం కూడా ఆయన చేతుల మీదుగానే కదా.”

కత్తి విసిరికొట్టి ప్రొద్దుటూరు బస్సెక్కాడని చెప్పాలని నాకూ ఉంది. ఎక్కలేదు. బక్కెట్టు వస్తోందేమోనని ఒక్కసారి తల తిప్పి చూశాడు. పొట్టేలును మెల్లగా పడుకోబెట్టి, బిస్మిల్లా అని కోశాడు. కత్తిని మాత్రం చివరిదాకా దానికి కనపడనివ్వలేదు. ఆ చేతికి అది అలవాటు.

ఆనందయ్య నిండు బక్కెట్టుతో వచ్చాడు. బక్కెట్టు కింద పెట్టి, నెత్తురైన రిబ్బన్ల దండ తప్పించి, దాని కింద తాను కట్టిన గంటతాడు విప్పుకుని వెళ్లిపోయాడు. పని అయ్యాక ఫకీర్ సాహెబ్ ఆ నీళ్లతోనే చేతులు కడుక్కున్నాడు. తివాచీ అంచున పడిన మరకనూ ఆ నీళ్లతోనే తుడిచారు.

అంతా కంపెనీ అనుకున్నట్టే జరిగింది. ముఖ్య అతిథి మిగతా స్టాళ్లు చూసి వచ్చి పెట్టె అందుకున్నాడు, కరుణ గురించి నాలుగు మాటలు చెప్పాడు, ఫకీర్ సాహెబ్ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగి కాగితం ఇచ్చాడు. మోసమేమీ లేదు. జీతం, హోదా, చేరాల్సిన తేదీ, లహరి చెప్పినవన్నీ అందులో ఉన్నాయి.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరాడు. అఖ్తర్ బీ కాగితం అందుకుని కళ్లకద్దుకుంది. వీధంతా ఆయన వీడియో చూసిందని, జన్మలో ఇంత మంచి పేరు ఎవరికొస్తుందని మురిసిపోయింది. ఫోను ఆయన ముందు పెట్టి మళ్లీ వేసింది. ఆయన గొంతు నలభై ఏండ్లాయ అని మొదలుపెట్టింది. ఆపమన్నాడు.

“ఎందుకు ఆపల్ల? దీంట్లో ఒక్క అబద్ధమన్నా ఉండాదా?”

ఫకీర్ సాహెబ్ చెప్పులు విప్పడానికి వంగాడు.

“పొద్దున చెప్పినప్పుడు నిజమే,” అన్నాడు.