చూసిపోయే బేరం

ఆ బట్టల దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. కొనడానికి వచ్చిన మనిషి గుడ్డల తాను మీద తాను విప్పించి, ఇది ముదురు, అది లేత, ఇంకోటి తియ్యండి అంటూ పోయాడనుకోండి, లోపలినుంచి గ్లాసుడు మంచినీళ్ళు తెప్పించి ఆయన ముందు పెడతారు. ఎంత మర్యాదస్తులో అనుకుని ఆయన గుటగుటా తాగేస్తాడు. ఆ గ్లాసు ఆయన దాహం కోసం వచ్చింది కాదు. ఇది చూసిపోయే బేరం, ఇక ఒక్క తాను కూడా విప్పొద్దు అని పనివాళ్ళకు చెప్పడానికి వచ్చింది.

ఈ గుట్టు ఆమెకు చెప్పింది ఆమె మొగుడే. అక్కడ తానులు విప్పి చూపించే పని అతనిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి రాగానే అవే కబుర్లు.

"ఇవాళ ఒకడొచ్చాడే! గోడ ఖాళీ అయ్యేదాకా దింపించాడు. తీరా చూస్తే ఇంట్లో అడిగొస్తాడట. అలాంటి వెధవలకు కొనడం తెలీదే, నలపడమే తెలుసు!"

ఆమె కూడా ఆ దుకాణానికే ఇంట్లో కర్టెన్ల అంచులు కుట్టిచ్చేది. కుడుతూ వినేది, పడీ పడీ నవ్వేది. అదంతా అప్పటి మాట.

ఆ నవ్వు అతని కాళ్ళతోపాటే చెడింది. పొద్దుట్నుంచి తలుపులు వేసేదాకా నిలబడే ఉద్యోగమాయె, పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి మెలికలు తిరిగాయి. సాయంత్రం అతను మంచం మీద వాలి కాళ్ళు చాపడం, ఆమె సూది పక్కన పెట్టి నూనె రాయడం. కూర్చుని చేసే పని చూసుకోకపోతే ఈ కాళ్ళు నిన్ను మొయ్యవు అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే దుకాణం యజమాని, బయటిదేశాలనుంచి వచ్చి టోకున కొనేవాళ్ళకోసమని మేడ మీద ఒక గది వేయించాడు. అందులో ఒక బల్ల, బల్ల వెనక మెత్తటి కుర్చీ. పనివాళ్ళలో పాతవాళ్ళిద్దరిని, ఆమె మొగుడినీ ఇంకొకడినీ, పిలిచాడు. "నానా దేశాలవాళ్ళు వస్తారు. వాళ్ళ భాషల్లో ఏదో ఒకటి పట్టండి, ఫీజు నేను కడతా. నెలాఖరులోగా ముందు చేరినవాడిదే కుర్చీ" అన్నాడు.

ఆ రెండోవాడికి దుకాణంలో మౌనస్వామి అని పేరు. గజం ధర అడిగితే వేళ్ళు చూపించే రకం.

"సొంత భాషలోనే నోరు పెగలదు వాడికి. వాడా నాకు పోటీ!" అని మొగుడు కడుపుబ్బ నవ్వాడు. ఆమెకూ ధైర్యం వచ్చింది. కుర్చీ ఇంటికి వచ్చేసినట్టే అనుకుంది, పిచ్చిది.

మార్కెట్టు వెనక మేడలో భాషలు నేర్పే బడి ఉంది. ఏ భాషైనా సరే, మొదటి పాఠం ఊరికే చెబుతారు. ఆ ఊరికే అన్న మాటే కొంప ముంచింది.

మొదటి రోజు ఫ్రెంచి పాఠం విని వచ్చాడు. పుస్తకం తెచ్చి, కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు, బట్ట నాణ్యం చూసినట్టు.

"రాసినదాంట్లో సగం పలకరటే. కొలిచిన గుడ్డలో సగం కత్తిరించి పారేసినట్టు లేదూ?"

"పలికే సగమే నేర్చుకోండి. కుర్చీకి అది చాలు."

"నీకేం తెలుసే! ఒకసారి కొన్నాక జన్మంతా వాడాలి."

ఆ తర్వాత జర్మన్. ఒక్కో మాట విప్పేలోపు బేరం గడప దాటిపోతుందట. జపనీసు అక్షరాలు చూస్తే పోగులు లేచిన పాత గుడ్డలా ఉన్నాయట. స్పానిష్ పనికిరాదు, అడ్డమైనవాళ్ళూ నేర్చుకుంటున్నారట, చవక సరుకు. కోట్లమంది పుట్టి పెరిగి పోట్లాడుకుని పెళ్ళిళ్ళు చేసుకుంటున్న భాషలకు, మంచం మీద కాళ్ళు చాపుకున్న ఈ మహానుభావుడు పెదవి విరుస్తున్నాడు!

"ఏమండీ, అవన్నీ మీకు నచ్చాలని ఎవడేడుస్తున్నాడు? మీ కాళ్ళకు నచ్చితే చాలదా?" అంది ఆమె నూనె రాస్తూ.

"తొందరపడితే ఎలాగే. రష్యన్ ఇంకా చూడలేదు."

నెలాఖరు రానే వచ్చింది. ఆ సాయంత్రం ఆమె కుట్టు వదిలేసి, దుకాణంనుంచి అటే వెళ్ళిన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని చేర్పించేద్దామని బడికి వెళ్ళింది. మెట్ల దగ్గరే మౌనస్వామి ఎదురయ్యాడు. చంకలో కొత్త పుస్తకం.

"చేరిపోయావా అన్నయ్యా?"

తలూపాడు.

"ఏ భాష?"

అతను పుస్తకం అట్ట తిప్పి చూసుకున్నాడు. "మెట్లెక్కగానే మొదటి గది, అమ్మా" అన్నాడు. అంతకంటే పెద్ద మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

మేడ మీద కిటికీలోంచి మొగుడి గొంతు వినిపించింది. పంతులమ్మను అడుగుతున్నాడు: "ఇవేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

ఆమె పైకి వెళ్ళలేదు. పోయిన కుర్చీ కోసం మెట్లెక్కడం దేనికని ఇంటికి తిరిగొచ్చి, వదిలిపెట్టిన అంచు మళ్ళీ పట్టింది.

చీకటి పడుతుండగా అతను కుంటుకుంటూ వచ్చాడు. మొహంలో ఓడిపోయిన ఛాయలు ఏ కోశానా లేవు.

"విన్నావా? ఆ మొద్దు ఏదో ఒకదాంట్లో దూరిపోయాడు! కళ్ళు మూసుకుని కొనేశాడే, పశువు. నాకు చూడు, ఇప్పుడు ఏ భాషలోనైనా నమస్కారం పెట్టడం వచ్చు."

"పెట్టండి. రేపట్నుంచి దుకాణంలో మేడమెట్ల కింద నిలబడి, పైకెళ్ళేవాళ్ళందరికీ పెట్టండి."

"వెటకారమా? వాడు నిలదొక్కుకోలేడు, చూస్తూ ఉండు. ఇటాలియన్ చెప్పే బడి ఇంకోటి తెరిచారట, రేపు చూసొస్తా. ముందు ఈ కాళ్ళకు కాస్త నూనె పట్టుకురా."

ఆమె లోపలికి వెళ్ళింది. గ్లాసు కడిగి, నిండుగా మంచినీళ్ళు ముంచి, తెచ్చి అతని ముందు స్టూలు మీద పెట్టింది.

అతను అలవాటుగా ఎత్తుకున్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు దించాడు. గ్లాసు కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు.

"ఏమిటే ఇది?"

"మర్యాద. తాగండి, ఎన్ని గదులు తిరిగొచ్చారో" అని ఆమె కర్టెను ఒళ్ళోకి లాక్కుంది.

"మరి నూనె?"

"కిటికీలో ఉంది."

కిటికీలో రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో నువ్వుల నూనె, ఒకదాంట్లో ఆముదం. అతను రెండింటినీ చెరో చేతిలోకి తీసుకుని, దీపానికి ఎదురుగా పట్టి, దీన్నోసారి దాన్నోసారి వంచి చూస్తూ కూర్చున్నాడు. ఆమె తలెత్తకుండా అంచు కుట్టుకుంటూ పోయింది.