గాజు మీద భీమక్క నీడ

పొద్దు పొడవగానే భీమక్క, కోడలు హులిగెమ్మతో కలిసి చేనికి పోయేది. చంకలో మనవరాలు తిప్పమ్మ ఉండేది. పత్తికొండ దగ్గర ఆ చేలల్లో చెట్టనేది మచ్చుకైనా లేదు. భీమక్క గట్టు మీద దుప్పటి పరిచి, పిల్లను పడుకోబెట్టి, తన నీడను పిల్ల మీద కప్పి గరిక తవ్వడానికి దిగేది. ఆమె ఎంత దూరం పోయినా నీడ మాత్రం కప్పినచోటే ఉండేది. కొందరికి హస్తవాసి ఉంటుంది, కొందరికి గొంతు ఉంటుంది, భీమక్కకు ఇది ఉంది. ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు.

హులిగెమ్మకు మొదటి ఇద్దరు బిడ్డలూ సుగ్గికని పరాయి ఊళ్ల కోతపనులకు వలస పోయిన చోట, అత్త నీడ అందని చోట, వడదెబ్బకు పోయారు. అందుకే మూడో బిడ్డను పుట్టగానే దిబ్బ మీద దొర్లించి, తిప్పమ్మ అని పేరు పెట్టారు. దిబ్బ మీద నుంచి ఎత్తుకొచ్చిన బిడ్డ చావుకు కూడా చేదంటారు. పేరు పెట్టడమైతే పెట్టారు గానీ, రోహిణి కార్తె దగ్గర పడేకొద్దీ హులిగెమ్మకు ముద్ద దిగేది కాదు. ఈ ఒక్క ఎండాకాలం గడిస్తే బిడ్డ దక్కినట్టే అనుకునేది.

ఆ చేను శ్రీనివాసులుది. ఊరికి కరెంటు వచ్చిన మరుసటేడు ఆయన గుంతకల్లు పోయి, మూతపడిన ఒక క్లబ్బులో దొరల ఆటబల్ల ఒకటి వేలంలో పాడుకొచ్చాడు. బండి మీద వచ్చిన దాన్ని చూసి ఊరు ఊరంతా గుమిగూడింది. నాలుగు కాళ్ల వాలుబల్ల, దాని మీద గాజు పలక. పుల్లను లాగి వదిలితే గాజు కింద ఇనప గుండు పరుగెత్తి, గుబ్బలకు కొట్టుకుని గంటలు మోగిస్తుంది. బల్ల తలాపున నిలువుగా ఇంకో గాజు. దాని మీద గొడుగు పట్టుకున్న దొరసాని బొమ్మ, ఆ బొమ్మ వెనకాల బల్బులు. వచ్చిన చిక్కల్లా ఆ బల్బులతోనే. దొరసాని వెలుగంతా వచ్చి వాలుగాజు మీద పడేది. ఆడేవాడికి గొడుగు కనిపించేది, పళ్లు కనిపించేవి, గుండు మాత్రం కనిపించేది కాదు.

కోయిలకుంట్ల నుంచి వచ్చిన బావమరిది ఓబులేసు ఒక ఆట ఆడి, గుడ్డివాడు గోలీలాడినట్టుందని నవ్విపోయాడు. శ్రీనివాసులుకు తల కొట్టేసినట్టయింది. బల్బులు పీకించాడు, దొరసాని చచ్చినట్టయింది. నల్లగుడ్డ కప్పాడు, గుండు కూడా మునిగిపోయింది. చివరికి గ్రహణం చూడ్డానికి గాజుకు మసి పూస్తాం కదా, అదే ఉపాయం దీనికీ పనికొస్తుందని దీపం మసి పట్టించాడు. ఇల్లంతా నల్లటి వేలిముద్రలు పడ్డాయి తప్ప గుండు జాడ లేదు. అవి కడగలేక భార్య నాగలక్ష్మమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

గింజల కోసం వచ్చిన భీమక్క పంచలో నుంచే నడిమింట్లో ఉన్న ఆ బల్లను చూసి తేల్చేసింది.

"బావిలోకి తొంగి చూస్తే ఆకాశమే కదప్పా కనపడేది. మన తల నీడ పడిన కాడ మాత్రం అడుగు కనపడతాది. దీనికీ అంతే."

"అయితే నీ నీడ ఇయ్యి భీమక్కా. మా ఓబులేసు మళ్లా వస్తాండాడు," అన్నాడు శ్రీనివాసులు.

"ఇస్తా. కానీ నా నీడ యాడుంటే మా పిల్ల ఆడుంటాది. నడిమింట్లో పండుకుంటాది. నీకిష్టమైతే చెప్పు."

కూలివాళ్లు పంచ దాటి లోపలికి వచ్చే ఇల్లు కాదది. శ్రీనివాసులు తల గోక్కున్నాడు. నాగలక్ష్మమ్మ మాత్రం చీపురు తెచ్చి బల్ల కింద ఊడ్చింది. బేరం అక్కడితో కుదిరిపోయింది.

భీమక్క నీడను గాజు మీద పరిచింది. దొరసాని వెలుగు అణిగి, గుండు నీళ్లడుగున రాయిలా స్పష్టంగా తేలింది. నీడ అంచు కిందికి జారి తిప్పమ్మను కూడా కప్పింది. మందపాటి మట్టిమిద్దె, చల్లటి బండల నేల, నెత్తిన గంటల మోత. పిల్ల హాయిగా నిద్రపోయింది.

రోహిణి వచ్చింది, దాంతోపాటే ఓబులేసూ వచ్చాడు. కూలిబిడ్డ నడిమింట్లో ఉండడం చూసి, బయట పెట్టకపోతే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనన్నాడు. బావమరిది మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని శ్రీనివాసులు ఒకసారి గాజును, ఒకసారి పిల్లను చూశాడు. పిల్ల పోతే నీడ పోతుంది, నీడ పోతే ఆట పోతుంది.

"పిల్ల ఆడ్నే ఉంటాది ఓబులేసూ. నీకు కష్టమైతే పంచలో కూచో," అన్నాడు.

ఓబులేసు పంచలో కాసేపు కూచున్నాడు. లోపల గంటలు మోగుతుంటే ఎంతసేపని కూచుంటాడు?

ఆ మధ్యాహ్నం చేలో నిప్పుల గాలి వీచింది. గట్టి మనుషులే ఇద్దరు సొమ్మసిల్లి పడ్డారు. హులిగెమ్మకు తన ఇద్దరు బిడ్డలూ కళ్లముందు మెదిలారు. పార పడేసి పరుగెత్తింది. పంచ దాటుతున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. బల్ల కింద తిప్పమ్మ వేలు చీకుతూ నిద్రపోతోంది. ఒళ్లు తాకి చూస్తే కుండలో నీళ్లంత చల్లగా ఉంది. హులిగెమ్మ అక్కడే కూలబడి భోరుమని ఏడ్చింది.

పైన బల్ల మీదికి వంగిన ఓబులేసు తలెత్తలేదు. "కొంచెం జరగమ్మా, ఆట మధ్యలో ఉండా," అన్నాడు.

మృగశిర చినుకులు పడి తెరిపిచ్చిన ఒక ఉదయం తిప్పమ్మ బల్ల కిందనుంచి లేచి, తప్పటడుగులతో గడప దాటింది. గాజు మీది నీడ జారి ఆమె వెంటే పోయింది. వాకిట్లో ఎండ కాస్తోంది. పిల్ల కాళ్ల దగ్గర రెండు నీడలు పడ్డాయి, ఒకటి బొమ్మంతది, ఇంకొకటి నడుం వంగిన పెద్దది.

నీ నీడ నువ్వు తీసుకోమన్నాడు శ్రీనివాసులు.

"నాకింకెన్ని ఎండలప్పా," అంది భీమక్క. "దాని మీదనే ఉండనీ."

లోపల దొరసాని మళ్లీ పళ్లికిలించింది. ఇక ఆ ఇంట్లో ఆట ఆడాలంటే తిప్పమ్మను పిలుచుకురావలసిందే. పిల్ల తలవాకిట్లో నుంచే లోపలికొచ్చి బల్ల పక్కన నిలబడితే తప్ప గుండు కనిపించేది కాదు. ఓబులేసు ఎప్పుడొచ్చినా ముందు ఆమె కోసమే కబురు పెట్టేవాడు.

పొద్దు వాలాక హులిగెమ్మ వచ్చి బిడ్డను ఇంటికి తీసుకుపోయేది. తిప్పమ్మ ముందు నడిచేది. వెనకాల హులిగెమ్మ, మట్టి మీద సాగే ఆ రెండు నీడల్లో ఏ ఒక్కదాన్నీ తొక్కకుండా, చూసి చూసి అడుగులు వేసేది.